వాళ్ళకైతే రూపాయి వడ్డీ, మనకైతే అర్ధ రూపాయి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని చెప్పి మన పెద్దవాళ్ళు అక్కడితో ఊరుకున్నారు. వాళ్ళలో ఎవరికీ హోమ్ లోన్ తీసుకుని ట్యాక్స్ రిఫండ్ కోసం ఎదురుచూడాల్సిన అవసరం పడలేదు కాబట్టి సరిపోయింది. పడి ఉంటే ఆ సామెతకి మూడో ముక్క కూడా ఉండేది.

ఇవన్నీ మగవాళ్ళ గొడవలు, నీకెందుకు అనేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా. మా ఇంట్లో జీతం తేవడం మావారి పని. ఆ జీతం ఎటు పోతోంది, ఎంత పోతోంది, ఎక్కడ ఆగిపోయింది అని చూసుకోవడం నా పని. గ్యాస్ బుక్ చెయ్యడం దగ్గర్నించి రిటర్న్ వెయ్యడం దాకా కాగితాల శాఖ మొత్తం నాదే. పాలవాడికి పది రూపాయలు ఎక్కువ వెళ్తే మర్నాడు పొద్దున్నే గుమ్మంలో అడిగే మనిషిని నేను. అలాంటిదాన్ని, దాదాపు 70 వేలు ఆరు నెలలుగా ఎక్కడో ఆగిపోతే ఊరుకుంటానా? ఊరుకోవాల్సి వస్తోంది. ఎందుకంటే అడగడానికి గుమ్మం లేదు.

ముందు ఆ డబ్బేమిటో చెప్తాను. చాలామందికి రిఫండ్ అంటే ప్రభుత్వం దయతలచి ఇచ్చేది అని ఒక అభిప్రాయం ఉంది. మా అత్తగారు కూడా మొన్న "పోనీలేమ్మా, వస్తే వస్తుంది, లేకపోతే లేదు, మనదేం పోయింది" అన్నారు. మనదే పోయింది అత్తయ్యా, అందులో ప్రతి రూపాయీ మీ అబ్బాయి జీతంలోంచి కోసిందే అని చెప్పేసరికి నాకు పావుగంట పట్టింది.

2024 నవంబరులో హైదరాబాదు శివార్లలో ఫ్లాట్ కొన్నాం. ధర 62 లక్షలు. అందులో 45 లక్షలు బ్యాంకు అప్పు, ఏడాదికి 8.75 శాతం వడ్డీకి. ఓసీ వచ్చేసిన ఫ్లాట్ కాబట్టి జీఎస్టీ తప్పింది. ఇంకా కడుతుండగా కొంటే 5 శాతం అదీ ఉండేది. రిజిస్ట్రేషన్ మాత్రం ఎవరికీ తప్పదుగా. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. అంటే 4 లక్షల 65 వేలు, ఒక్క పూటలో. ఆ పైన బిల్డరుకి కార్పస్ ఫండు, రెండేళ్ళ మెయింటెనెన్సు ముందుగానే. కరెంటు మీటరు పేరు మార్పు, ఇంటి పన్ను పేరు మార్పు, వంటింట్లో అలమరాలు, కిటికీలకి దోమల జాలీలు. ఇల్లు కొన్నవాళ్ళకి ఇవన్నీ నేను చెప్పక్కర్లేదు. కొననివాళ్ళకి చెప్పినా నమ్మరు.

ఆ ఏడాది ఏప్రిల్ నుంచీ మావారి జీతంలో ట్యాక్స్ కోస్తూనే ఉన్నారు. పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్ళు సొంతంగా ఉండే ఇంటి అప్పు మీద కట్టిన వడ్డీని ఏడాదికి 2 లక్షల దాకా ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చుని కూడా ఆ ఏడాదికి 80సీ లో లక్షన్నర పరిమితికి లోబడి చూపించుకోవచ్చు. ఆ కాగితాలు జనవరిలో ఆఫీసుకి ఇస్తే ఆఫీసు వాళ్ళే తగ్గించి కోస్తారు. మా బ్యాంకు వాళ్ళు వడ్డీ సర్టిఫికెట్ ఇచ్చేసరికి ఆఫీసు గడువు దాటిపోయింది. నాలుగుసార్లు అడిగితే నాలుగోసారికి ఇచ్చారు. దాంతో మార్చి దాకా పూర్తి పన్ను కోసేశారు. ఐదు నెలల వడ్డీ లక్షా 63 వేలు, 80సీ లో ఖాళీగా మిగిలిన 60 వేలు, ఈ రెండింటి మీదా 30 శాతం శ్లాబు, దాని మీద సెస్సు. అన్నీ లెక్కేస్తే మేం ఎక్కువ కట్టింది సుమారు 69,600. ఇదీ మా రిఫండ్. బహుమానం కాదు, సబ్సిడీ కాదు, ఉచిత పథకం అసలే కాదు. షాపులో 500 నోటిచ్చి 430 రూపాయల సరుకు తీసుకుంటే వెనక్కి రావాల్సిన 70 లాంటిది.

2025 జూలై 20న రిటర్న్ వేశాం. ఈ ఏడాది గడువు జూలై 31 నుంచి సెప్టెంబరు దాకా పొడిగించారని తెలిసి కూడా ఆగలేదు, తొందరగా వేస్తే తొందరగా వస్తుందని. ఆ రోజే ఆధార్ ఓటీపీతో వెరిఫై కూడా చేసేశాం. మొన్న కనుమ నాటికి సరిగ్గా 180 రోజులు. వెబ్‌సైటు తెరిస్తే ఒకటే మాట, "ప్రాసెసింగ్‌లో ఉంది". వినాయక చవితికి అదే, దసరాకి అదే, దీపావళికి అదే.

సరే, ఆలస్యం అవుతుంది, పెద్ద దేశం, కోట్ల రిటర్నులు, అర్థం చేసుకోవాలి అంటారు మావారు. ఆయనది ఓపిక గల జాతకం. నేనూ అర్థం చేసుకుంటాను, కానీ ఆ అర్థం చేసుకోవడం రెండు వైపులా ఒకేలా ఉంటే.

మన ఇళ్ళల్లో వడ్డీ లెక్క శాతాల్లో చెప్పుకోం కదా. నూటికి నెలకి రూపాయి అయితే రూపాయి వడ్డీ, రెండైతే రెండు రూపాయల వడ్డీ. మా అమ్మమ్మకి శాతం అంటే తెలీదు, కానీ రూపాయి వడ్డీకీ రూపాయిన్నర వడ్డీకీ ఏడాదికి తేడా ఎంతో నోటితో చెప్పేది. ఆ లెక్కలోనే ఆదాయపు పన్ను చట్టం చదవండి, భలే తేలిగ్గా అర్థమవుతుంది. మనం ప్రభుత్వానికి పన్ను బాకీ పడితే రూపాయి వడ్డీ. ముందస్తు పన్ను తక్కువ కడితే రూపాయి వడ్డీ. రిటర్న్ ఆలస్యంగా వేసి పన్ను బాకీ ఉంటే రూపాయి వడ్డీ, దాని పైన 5,000 దాకా ఫీజు. అదే ప్రభుత్వం మనకి బాకీ పడితే? అర్ధ రూపాయి వడ్డీ. 244ఏ అని దానికో సెక్షను. తప్పు అచ్చులో పడిందేమో అని మొదట్లో రెండుసార్లు చదివాను. కాదు, అలాగే ఉంది.

ఇంకా ఉంది. రావాల్సిన రిఫండ్ అసలు పన్నులో పదో వంతు కంటే తక్కువైతే ఆ అర్ధ రూపాయి కూడా ఇవ్వరు. ఇచ్చిన వడ్డీని మనం మళ్ళీ ఆదాయం కింద చూపించి దాని మీద పన్ను కట్టాలి. మనం వాళ్ళకి కట్టిన రూపాయి వడ్డీని ఎక్కడైనా ఖర్చు కింద చూపించుకోవచ్చా అంటే, కుదరదు.

మా లెక్కే చూడండి. ఏప్రిల్ నుంచి జనవరి దాకా పది నెలలు. 69,600 మీద అర్ధ రూపాయి చొప్పున 3,480. అందులో మళ్ళీ పన్ను పోగా చేతికి 2,400 లోపు. అదే 69,600 మార్చిలోనే మా దగ్గర ఉండి ఉంటే ఇంటి అప్పులో కట్టేసేవాళ్ళం. ఇంటి అప్పు మీద మేం కడుతున్నది ముప్పావలాకి కాస్త తక్కువ వడ్డీ. పది నెలలకి 5,075 మిగిలేది. "వడ్డీతో సహా ఇస్తారుగా, ఇంకేం కావాలి" అనేవాళ్ళు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

నా దగ్గర మూడో అంకె కూడా ఉంది. అది చెప్పాలా వద్దా అని ఆలోచించాను, చెప్తాను. రిజిస్ట్రేషన్ నాడు డబ్బు తక్కువ పడితే నా రెండు గాజులు తాకట్టు పెట్టాం. మా అమ్మ పెళ్ళికి చేయించినవి. 70 వేలు వచ్చాయి, సరిగ్గా రూపాయి వడ్డీకి. దసరాకల్లా రిఫండ్ వస్తుంది, విడిపించేద్దాం అన్నారు మావారు. ఆయన తప్పేం లేదు, రిఫండ్ తేదీ ఆయన చేతిలో లేదు. నవంబరుతో ఏడాది గడువు అయిపోతే 8,400 వడ్డీ కట్టి మళ్ళీ తిరగరాయించుకుని వచ్చాం. అంటే ఏమైందో చూడండి. నా డబ్బు ప్రభుత్వం దగ్గర అర్ధ రూపాయికి ఉంది. అంత డబ్బే నేను బయట రూపాయికి తెచ్చుకుని వాడుకుంటున్నాను. ఊళ్ళో ఎవరైనా ఇలా చేస్తే "పిచ్చిదానా, నీ డబ్బు వాడి దగ్గర పెట్టి నువ్వు అప్పు తెస్తావేమే" అని తిట్టేవాళ్ళు. ఇక్కడ అలా పెట్టమని చట్టమే చెప్తోంది.

మా తమ్ముడి పెళ్ళి మాఘంలో. అమ్మ ఇప్పటికి రెండుసార్లు ఫోనులో గాజుల సంగతి అడిగింది. లాకర్లో ఉన్నాయమ్మా అన్నాను.

వడ్డీ సంగతి అలా ఉంచండి. ఇల్లు కొన్నవాళ్ళ చేత ప్రభుత్వం చేయించే పని ఇంకోటుంది, దాని గురించి ఎవరూ ముందు చెప్పరు. 50 లక్షలు, ఆ పైన ధర ఉన్న ఇల్లు కొంటే, అమ్మినవాళ్ళకి ఇచ్చే డబ్బులో 1 శాతం మనమే పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. మన పన్ను కాదండీ, అమ్మేవాడి పన్ను. వసూలు చేసే ఉద్యోగం మనది, జీతం లేదు. మాకు 62 వేలు. డబ్బు పట్టుకున్న నెల అయిపోయాక 30 రోజుల్లో 26క్యూబీ అనే ఫారంతో కట్టెయ్యాలి. ఒక్క రోజు ఆలస్యమైనా రోజుకి 200 రూపాయలు ఫీజు. దానికి తోడు పట్టుకుని కట్టనందుకు రూపాయిన్నర వడ్డీ. మా పై అంతస్తులో ఒకమ్మాయి ఉంది, ఉద్యోగం లేదు, ఇంట్లోనే ఉంటుంది. ఇల్లు ఆలుమగలిద్దరి పేరు మీదా రాయించుకున్నారు. ఇద్దరు కొన్నవాళ్ళు కాబట్టి ఆ అమ్మాయి పేరు మీద ఇంకో 26క్యూబీ వెయ్యాలట. ఎవరి వాటా వాళ్ళకి 50 లక్షల లోపే కదా అనడానికి కూడా లేదు, 2024 అక్టోబరు నుంచి మొత్తం ధరే చూడాలని మార్చారు. రూపాయి సంపాదన లేని పిల్లని పన్ను వసూలు చేసే మనిషిని చేశారు. ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి కూర్చుని వేసింది ఆ ఫారం, గడువుకి రెండు రోజుల ముందు, చేతులు వణుకుతూ.

అమ్మినవాళ్ళ పాన్ ఆధార్‌తో జతకాలేదు, అందుకని 1 కాదు 20 శాతం పట్టుకోవాల్సింది అని కొన్నవాళ్ళకి నోటీసులు వచ్చిన సంగతి పేపర్లో చదివే ఉంటారు. 62 లక్షల మీద 20 శాతం అంటే 12 లక్షల 40 వేలు. అవతలివాళ్ళ పాన్ కార్డు సంగతి ఇల్లు కొన్నవాడికేం తెలుస్తుంది? తర్వాత కొంత వెసులుబాటు ఇచ్చారు లెండి. కానీ ఆ నోటీసు వచ్చిన ఇంట్లో ఆ మధ్య రోజులు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోండి.

నేనడిగేది చిన్న ప్రశ్న. ఇంకొకరి పన్ను నేను ఆలస్యంగా కడితే రోజుకి 200 కదా. నా పన్ను నాకు ఆలస్యంగా ఇస్తే రోజుకి 200 ఎందుకు కాదు? 180 రోజులకి 36,000 అవుతుంది. నవ్వొస్తోంది కదూ. నాకూ వచ్చింది, అలా ఎవరిస్తారని. మరి మన దగ్గర తీసుకునేటప్పుడు ఎవరికీ నవ్వు రాదేం?

ఇప్పుడు అవతలి వాదన. ఇది నేను తేలిగ్గా తీసెయ్యను, ఎందుకంటే అందులో నిజం ఉంది. దొంగ రిఫండ్లు ఉన్నాయి. "మీకెందుకు సార్, రిఫండ్ మేం తెప్పిస్తాం, వచ్చినదాంట్లో ఇంత శాతం ఇవ్వండి చాలు" అనే ఏజెంట్లు ఉన్నారు. లేని అద్దె ఇంటికి రసీదులు, ఇవ్వని పార్టీలకి చందాలు, లేని చదువు అప్పులు చూపించి డబ్బు లాగినవాళ్ళున్నారు. మావారి ఆఫీసులోనే ఒకాయన అలా తెచ్చుకుని అందరికీ సమోసాలు పంచాడట. తర్వాత నోటీసొచ్చి మొత్తం వెనక్కి కట్టాడు. పట్టుకోవాల్సిందే. వాడు లాక్కున్నది కూడా మనం కట్టిన డబ్బే. బియ్యంలో రాళ్ళుంటే ఏరకుండా వండమని ఏ ఇల్లాలూ అనదు. కానీ రాళ్ళు ఏరుతున్నా, రాళ్ళు ఏరుతున్నా అంటూ ఆరు నెలలు పొయ్యి వెలిగించకపోతే ఇంట్లోవాళ్ళు ఏం తినాలి?

పైగా ఇంటి అప్పులో రాయి ఏదో బియ్యం ఏదో కనబడకపోవడానికేం లేదు. అద్దె రసీదు ఎవడైనా రాసుకోవచ్చు. ఇంటి అప్పు అలా కాదు. ఈ ఏడాది రిటర్న్ ఫారంలో బ్యాంకు పేరు, లోన్ అకౌంటు నంబరు, అప్పు మంజూరైన తేదీ, మొత్తం అప్పు, ఇంకా మిగిలిన బాకీ, కట్టిన వడ్డీ, అన్నీ విడివిడి గళ్ళలో అడిగారు. పూర్తిచేసేసరికి నా కళ్ళజోడు నంబరు పెరిగింది. ఇది కాక 30 లక్షలు దాటిన రిజిస్ట్రేషన్ వివరాలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి వాళ్ళకి ఎలాగూ వెళ్తాయి. ఇది కాక మేం కట్టిన 26క్యూబీలో మావారి పాన్, అమ్మినవాళ్ళ పాన్, ఇంటి అడ్రసు, ధర, తేదీ ఉన్నాయి. మేం ఇల్లు కొన్నాం అని మూడు వైపుల నుంచి తెలుసు. ఎవరి దగ్గర అప్పు తెచ్చామో నంబరుతో సహా తెలుసు. ఇంకా ఏం చూస్తున్నారు? ఏదైనా అనుమానం ఉంటే అడగండి, ఆ సర్టిఫికెట్ నాలుగుసార్లు తిరిగి తెచ్చుకున్నదాన్ని, ఐదు నిమిషాల్లో పంపిస్తాను. అడగరు. అనుమానం ఉందని చెప్పరు, లేదని చెప్పరు.

నాకు అన్నిటికంటే కోపం వచ్చేది ఇక్కడే. ఆలస్యం కంటే ఆ మాట్లాడకపోవడం. దర్జీ దగ్గర జాకెట్టు ఆలస్యమైనా "హుక్కులు కుట్టాలమ్మా, శుక్రవారం రండి" అంటాడు. అబద్ధమే కావచ్చు, కానీ ఒక మాట చెప్తాడు. ఇక్కడ ఫిర్యాదు పెట్టే చోటుంది, పెట్టాను. నాలుగు రోజులకి జవాబొచ్చింది. మీ రిటర్న్ ప్రాసెసింగ్‌లో ఉంది, దయచేసి వేచి ఉండండి అని. దాని కింద ఇంకో ముక్క, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని. వేచి ఉండమని చెప్పడమే పరిష్కారమట! రెండోసారి పెట్టాను, అక్షరం మారకుండా అదే జవాబు. మావారు "నువ్వు ఎక్కువ రాశావేమో, వాళ్ళకి కోపం వచ్చి ఆపేస్తారు" అన్నారు. చూశారా, మన డబ్బు మనం అడగడానికి కూడా భయపడే స్థితికి వచ్చాం. అసలు ఈ భయం మీదే నడుస్తోందేమో ఈ వ్యవహారమంతా. రిఫండ్ ఆగిన ప్రతివాడూ నా లెక్కలో ఏదైనా తేడా దొరుకుతుందేమో, కదిపితే పాతవన్నీ తవ్వుతారేమో అని గమ్మున కూర్చుంటాడు. తప్పు చేసినవాడూ కూర్చుంటాడు, చెయ్యనివాడూ కూర్చుంటాడు. అప్పుడిక వాళ్ళకి తొందరేముంటుంది?

న్యాయంగా ఒకటి చెప్పాలి. ఒకప్పటికంటే చాలా నయం. మా మామగారి కాలంలో రిఫండ్ చెక్కు పోస్టులో రావాలి, ఆయనకి ఒకసారి రెండేళ్ళు పట్టిందట, తీరా వచ్చిన చెక్కులో పేరు తప్పు. ఇప్పుడు చాలామందికి వారాల్లోనే నేరుగా బ్యాంకులో పడుతోంది. మా చెల్లెలికి 3,200 పదకొండు రోజుల్లో వచ్చింది. అంటే చెయ్యగలరు. మిషన్లు ఉన్నాయి, తెలివి ఉంది, చెయ్యి తిరిగింది. అలాంటప్పుడు పక్కన పెట్టినవాటికి కారణం ఒక్క వాక్యంలో చెప్పడం చేతకాదంటే నేను నమ్మను. చెప్పాలన్న నియమం లేదు, అందుకే చెప్పట్లేదు.

ఈ ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వస్తోంది. 1961 నాటి పాతది పోయి 2025 చట్టం. సామాన్యులకి అర్థమయ్యేలా భాష సులువు చేశారట. "అసెస్‌మెంట్ ఇయర్", "ప్రీవియస్ ఇయర్" అని రెండు ఏళ్ళ గందరగోళం లేకుండా ఒకటే "ట్యాక్స్ ఇయర్" అన్నారు. సంతోషం, నాలాంటివాళ్ళకి మంచిదే. కానీ అన్ని వందల సెక్షన్లు తిరగరాస్తూ కూడా, తీసుకునేటప్పుడు రూపాయి, ఇచ్చేటప్పుడు అర్ధ రూపాయి అన్న దాన్ని మాత్రం ముట్టుకోలేదు. సెక్షను నంబరు మారింది, అర్ధ రూపాయి అర్ధ రూపాయిగానే ఉంది.

మరి నీకేం కావాలే అంటారా? పెద్ద కోరికలు లేవు. రెండు వైపులా వడ్డీ ఒకటే ఉండాలి. రూపాయైతే రూపాయి, అర్ధైతే అర్ధ, వాళ్ళ ఇష్టం, ఏదైనా నాకు సమ్మతమే. రిటర్న్ వెరిఫై అయిన రెండు నెలల్లో రిఫండ్ ఇవ్వాలి, లేదా ఫలానా గడిలో ఫలానా అంకె మీద అనుమానం, ఫలానా కాగితం పంపండి అని చెప్పాలి. మాకు నోటీసొస్తే జవాబు చెప్పడానికి 15 రోజులో 30 రోజులో ఇస్తారుగా, వాళ్ళకి దానికి రెట్టింపు ఇస్తున్నా. ఫిర్యాదుని పరిష్కరించకుండా పరిష్కరించాం అని మూసెయ్యకూడదు. ఇంటి అప్పు వడ్డీ వివరం బ్యాంకులే నేరుగా వాళ్ళకి పంపిస్తే, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వచ్చిన 900 రూపాయల వడ్డీని పంపుతున్నట్టు, ఇందులో సగం గొడవ ఉండదు. మనకి వచ్చే వడ్డీ ఎక్కడున్నా చటుక్కున తెలిసిపోతుంది వాళ్ళకి, మనం కట్టే వడ్డీ మాత్రం ఆరు నెలలు వెతికినా కనపడదు.

మీలో ఎవరికైనా ఇలా ఆగి ఉంటే రెండు పనులు చెయ్యండి. ఒకటి, బ్యాంకు అకౌంటు వెబ్‌సైటులో వ్యాలిడేట్ అయి ఉందో లేదో, పాన్ మీద పేరూ అకౌంటు మీద పేరూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. మావి చూసుకున్నాను, బాగానే ఉన్నాయి, కానీ కొందరివి అక్కడే ఆగుతాయి. రెండు, డబ్బు పడ్డాక వడ్డీ సరిగ్గా ఏప్రిల్ నుంచి వేశారో లేదో నెలలు లెక్కపెట్టుకోండి. గడువులోపల రిటర్న్ వేసినవాళ్ళకి, జీతంలో కోసిన పన్ను మీద రిఫండ్ అయితే, ఏప్రిల్ 1 నుంచే లెక్క. నెలలో ఒక్క రోజు దాటినా పూర్తి నెల కిందే వెయ్యాలి. ఆ వడ్డీని వచ్చే ఏడాది రిటర్న్‌లో చూపించడం మర్చిపోకండి, వాళ్ళు మర్చిపోరు.

ఇంతకీ ప్రభుత్వానికి ఈ విషయంలో గడువంటూ ఏదైనా ఉందా అని వెతికితే దొరికింది. రిటర్న్ వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక ఇంకో తొమ్మిది నెలలు. మాది 2025 జూలైలో వేశాం కాబట్టి మార్చి 31తో ఆ సంవత్సరం ముగుస్తుంది, అక్కణ్ణించి తొమ్మిది నెలలంటే 2026 డిసెంబరు 31. చట్టం ప్రకారం వాళ్ళింకా ఆలస్యం చెయ్యనే లేదన్నమాట. నా గాజుల గడువు మాత్రం మళ్ళీ నవంబరుకే అయిపోతుంది, ఇంకో 8,400 పట్టుకుని వెళ్ళాలి.